కార్తీకంలో కొర్రమీను

సెలవులకు ఇంటికి వెళ్లొచ్చిన ప్రతిసారీ మన హాస్టల్లో రెండు రోజులు చెరువు కబుర్లే నడుస్తాయి. ఎవరి ఊరి చేప పెద్దదో తేలక, లైట్లు ఆర్పే దాకా వాదించుకుంటాం. ఆ కబుర్లలో నిజమెంతో తేలుద్దామని మేము నలుగురం మిత్రులం మాకు తెలిసినదీ, ఊరి పెద్దల్ని అడిగి తెలుసుకున్నదీ, సైన్సు పాఠంలో చదివినదీ కలిపి ఈ వ్యాసం రాస్తున్నాం. మాలో కొందరికి ఇది ఉత్త సరదా కాదు. దసరా సెలవుల్లో పట్టిన చేపలు అమ్మి నోటుబుక్కులు, బస్సు చార్జీ సంపాదించుకున్న వాళ్లమూ ఉన్నాం.

ఊపిరి పీల్చే చేప

కొర్రమీను అన్నా, కొర్రమట్ట అన్నా ఒకటే. 2016లో తెలంగాణ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది. ముళ్లు తక్కువ, రుచి ఎక్కువ. అందుకే ధర కూడా ఎక్కువే. బొచ్చె, రవ్వ లాంటివి నీళ్లలోంచి తీయగానే చచ్చిపోతాయి. కొర్రమీను మాత్రం తడిగా ఉంచితే గంటల తరబడి బతుకుతుంది. దాని తలలో, మొప్పల పైన గాలి పీల్చుకునే అర ఒకటి ఉంటుంది. నీళ్లలోని ప్రాణవాయువు దానికి చాలదు. అప్పుడప్పుడు పైకి వచ్చి గాలి మింగాల్సిందే. నీటి మీద 'గుబుక్'మని చప్పుడై బుడగలు లేచాయంటే అక్కడ కొర్రమీను ఉందని గుర్తు.

కార్తీకమే ఎందుకు?

ఇది ఎక్కువగా వానకాలంలో గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎర్రగా, గుంపుగా నీటిపైన తిరుగుతుంటే తల్లిదండ్రులు కిందనే కాపలా కాస్తాయి. ఆ సమయంలో పిల్లల గుంపు దగ్గర ఏం కదిలినా మీద పడతాయి కనుక గాలానికి సులువుగా దొరుకుతాయి. కానీ కాపలా చేప పోతే పిల్లలన్నీ ఇతర చేపలకు, కొంగలకు ఆహారమవుతాయి. ఒక్క చేపను పట్టి వందల చేపలను పోగొట్టుకున్నట్టే. కార్తీకం నాటికి చాలా పిల్లలు ఎదిగి విడిపోతాయి. వానకాలంలో వరి పొలాల్లోకి ఎక్కి కప్పలు, చిన్న చేపలు తిని బలిసిన చేపలు, కోతల ముందు పొలాలు ఆరుతుంటే కాలువల వెంట చెరువుకు తిరిగి వస్తాయి. కాబట్టి పట్టడానికి ఇదే సరైన కాలం. అయితే కార్తీకంలో చాలా ఇళ్లలో నీసు ముట్టరు. అది వేరే చిక్కు!

ఎక్కడ, ఎప్పుడు?

వానకాలంలో తెల్లవారుజామున, సాయంత్రం గాలం వేసిన అలవాటుతో ఇప్పుడూ చీకటితో లేచి వెళ్తే చలికి వణకడమే మిగులుతుంది. చేప శీతల రక్త జీవి. నీళ్లు చల్లబడితే దాని ఒళ్లూ చల్లబడుతుంది, తిన్నది ఆలస్యంగా అరుగుతుంది, ఆకలి తగ్గుతుంది. అందుకే ఎండ ఎక్కాక, పది గంటల నుంచి మూడు గంటల వరకు కూర్చోవాలి. లోతు తక్కువగా ఉండి ఎండ బాగా తగిలే చోట, తుంగ, తామరాకుల అంచున, మునిగిన తుమ్మకొమ్మల పక్కన, కట్ట రాళ్ల సందుల్లో చూడాలి. చలిలో ఇది గాలికి పైకి రావడం కూడా తగ్గుతుంది. పావుగంటలో బుడగ కనిపించలేదని చోటు మార్చకండి.

గాలం వేసే పద్ధతి

వెదురు కర్ర, గట్టి నైలాన్ దారం, బెండు చాలు. ఎరకు బతికిన చిన్న పరక మంచిది. కొందరు కప్పను గుచ్చుతారు. పొలంలో పురుగుల్ని తినే కప్పను దానికి వాడవద్దని మా మాట. ఎరను మెల్లగా ఆడించాలి. చలికి మందగించిన చేప దూరం వెంటాడదు. బెండు మునగగానే లాగితే ఎర ఊడి వస్తుంది. మనసులో అయిదు లెక్కపెట్టి లాగాలి. పళ్లు పదును కనుక తల వెనక తడిగుడ్డతో పట్టుకోవాలి. మూత లేని బకెట్లో వేస్తే దూకి పోతుంది. నీళ్లు నిండా పోసి మూత బిగిస్తే గాలి అందక, చేప అయివుండీ నీళ్లలోనే చస్తుంది! కొద్దిగా నీళ్లు పోసి, చిల్లుల మూత పెట్టాలి.

మరువకూడనివి

చెరువు మీద చేపల హక్కు చాలా ఊళ్లలో మత్స్య సహకార సంఘానిది. వాళ్లు ఆ చేపల మీదే బతుకుతారు. అడిగి గాలం వేయండి. పేలుడు మందు, విషం కలపడం 1897 నాటి చేపల చట్టం కిందనే నేరం. కరెంటు తీగలు వేయడం పట్టేవాడి ప్రాణానికే ముప్పు.

చలి ముదిరాక కొర్రమీనుకు ఎర్రపుండ్ల జబ్బు వస్తుంది. మన దేశంలో ఇది మొదట 1988లో ఈశాన్య రాష్ట్రాల్లో కనిపించింది. పుండ్లున్న చేప దొరికితే అమ్మవద్దు, తిరిగి నీళ్లలో వేయవద్దు. చెరువుకు దూరంగా పూడ్చండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. మట్టి తవ్విన గుంతలు నిండు చెరువులో పైకి కనిపించవు. మోకాలి లోతు నీళ్లలో ఒక్క అడుగు ముందుకు వేస్తే తల మునుగుతుంది. గాలం చిక్కుకుంటే దారం తెంపండి, నీళ్లలోకి దిగకండి. ఒంటరిగా వెళ్లకండి, ఇంట్లో చెప్పి వెళ్లండి. గాలం ముల్లు కొనుక్కోవచ్చు. మన కోసం ఇంటి దగ్గర ఎదురుచూసే అమ్మానాన్నలకు మనల్ని మళ్లీ కొని తేలేరు.

తమ్ముళ్లూ, సంక్రాంతి సెలవులకు వెళ్లినప్పుడు మీ ఊరి పెద్దల్ని అడిగి మాకు తెలియనివి తెలుసుకుని రండి. మా తప్పులుంటే దిద్దండి. పాత విద్యార్థులైన అన్నలు తమ అనుభవాలు రాస్తే వచ్చే ఏటి సంచికలో చదువుకుంటాం.