ఒక మనిషికి 93 ఓట్లు!

మా ఊరి పంచాయతీ ఎన్నికల్లో నాకున్నవి రెండే ఓట్లు: సర్పంచికొకటి, వార్డు మెంబరుకొకటి. 2021 మార్చి 14 నాటి ఫ్రాంక్‌ఫర్ట్ నగరసభ ఎన్నికల్లో నా చేతికొచ్చినవి 93! సభలో ఎన్ని స్థానాలో ఓటరుకు అన్ని ఓట్లన్నమాట. కరోనా రోజులు గనుక పోస్టులో తెప్పించుకున్న బ్యాలెట్, మా భోజనాల బల్లంతా పరచుకుంది.

ఒక పార్టీ జాబితాకు ఒకే గుర్తు పెట్టి ఊరుకోవచ్చు. లేదా నచ్చిన వ్యక్తికి మూడు ఓట్ల దాకా ఇవ్వవచ్చు, వేర్వేరు పార్టీల వారికి పంచనూవచ్చు. అలా జాబితా అడుగున ఉన్నవారు పైకి రాగలరు. హెస్సెన్ రాష్ట్రంలో 2001 నుంచి ఇదే పద్ధతి. సీట్లు ఓట్ల నిష్పత్తిలో వస్తాయి. 5 శాతం హద్దు లేనందున చిన్న పార్టీలకూ చోటుంటుంది. లెక్కింపు మాత్రం రోజుల తరబడి సాగింది. చివరికి గ్రీన్స్ ముందు నిలిచారు. సొంత మెజారిటీ ఎవరికీ రాలేదు.

ఈ ఓటు నాకు ఊరికే రాలేదు. భారత పాస్‌పోర్టు వదులుకున్న రోజు నా కళ్లు చెమర్చాయి. మా ఆవిడ వదులుకోలేదు. నగరసభకు ఓటు జర్మన్లకూ, యూరోపియన్ యూనియన్ పౌరులకే గనుక ఆమెకు లేదు. అదే రోజు జరిగిన విదేశీయుల ప్రతినిధి మండలి ఎన్నికలో ఆమె ఓటు వేసింది. అక్కడ నాకు లేదు! ఆ మండలి సలహా ఇస్తుంది, నిర్ణయించేది నగరసభ. అయినా మన గొంతు వినిపించే చోటది.

పాస్‌పోర్టు సంగతి ఎవరి మనసు వారిది. ఉన్న ఓటును మాత్రం వదులుకోకండి.