చెంతనే ఉన్నా చిక్కని కొలత

2011 మార్చి 11, మధ్యాహ్నం 2 గంటల 46 నిమిషాలు. జపాన్ ఈశాన్య తీరానికి ఆవల సముద్రగర్భం చీలనారంభించింది. మూడే నిమిషాలలో ఆ దేశపు వాతావరణ సంస్థ సునామీ హెచ్చరిక వెలువరించింది. భూకంప పరిమాణం 7.9 అని గణించి, మియాగి తీరాన 6 మీటర్లు, ఇవాతే, ఫుకుషిమా తీరాలలో 3 మీటర్ల ఎత్తున అలలు రాగలవని ప్రకటించింది. అసలు పరిమాణం 9.0. అంకెలలో తేడా స్వల్పమే. వెలువడిన శక్తిలో మాత్రం అది సుమారు 45 రెట్లు!

అడుగడుగునా భూకంపమాపక యంత్రాలున్న దేశంలో ఇదెలా జరిగింది? యంత్రాలు మరీ చేరువలో ఉండడమే ఒక చిక్కు.

అనువాదం నా వృత్తి కనుక ఇక్కడ ఒక మాట మనవి చేయాలి. మన పత్రికలు 'తీవ్రత' అనే ఒకే పదాన్ని రెండు విషయాలకు వాడుతున్నాయి. భూకంపం ఒక ప్రదేశాన్ని ఎంతగా కుదిపిందన్నది తీవ్రత. అది ఊరూరికీ మారుతుంది. భూకంపం ఎంత పెద్దదో తెలిపే పరిమాణం అన్ని ఊళ్లకూ ఒకటే.

ఆ అంకెను నిర్ణయించడానికి 1935లో కాలిఫోర్నియాలో చార్లెస్ రిక్టర్ ఎంచుకున్న పద్ధతి సులభమైనది. 100 కిలోమీటర్ల దూరాన ఉన్న ఒక నిర్ణీత యంత్రం గీసే గీత 1 మిల్లీమీటరు ఊగితే పరిమాణం 3; 10 మిల్లీమీటర్లు ఊగితే 4. దూరం మారితే తగిన సవరణ.

అతి సమీపంలో ఈ లెక్క తడబడుతుంది. ఖండాంతరాల కంపనాన్ని సైతం పసిగట్టే సుకుమారమైన యంత్రం, పక్కనే భూమి విదిలిస్తే హద్దు దాటిపోతుంది. గీత శిఖరాలు కత్తిరించినట్లు మొండిగా మిగులుతాయి. ఆనాడు జపాన్‌లో దీర్ఘ తరంగాలను పట్టే యంత్రాలు దాదాపు అన్నీ అలాగే విఫలమయ్యాయి. పావుగంటలో రావలసిన నికరమైన లెక్క రాలేదు. మొదటి మూడు నిమిషాలలో వాడిన తొందర లెక్కకో, 8 దరిదాపులలో ఎదుగుదల ఆగిపోతుంది. పైగా ఆ చీలిక పూర్తి కావడానికే రెండు నిమిషాలకు పైగా పట్టింది. పల్లవి వినిపించి, పాటకు చరణాలెన్నో చెప్పమంటే ఎవరు చెప్పగలరు?

సవరించిన హెచ్చరిక, మియాగికి 10 మీటర్లని, 28 నిమిషాలకు వెలువడింది. విద్యుత్తు పోయిన ఊళ్లలో చాలామందికి అది చేరనే లేదు. '3 మీటర్లు' అన్న మాట విని, సముద్రపు గోడ కాపాడుతుందని ఆగిపోయినవారున్నారు. ఆ విపత్తులో మరణించినవారు, జాడ తెలియనివారు కలిపి 18 వేలకు పైనే.

పెనుకుదుపును తట్టుకొని నమోదు చేసే యంత్రాలు లేకపోలేదు. 1967 డిసెంబరు 11న మహారాష్ట్రలోని కొయనా భూకంపాన్ని ఆనకట్ట లోపలే అమర్చిన అటువంటి యంత్రం లిఖించింది. ఉపగ్రహాల సాయంతో నేల కదలికను కొలిచే జీపీఎస్ మరొకటి. దానికి హద్దు దాటడమన్నది లేదు. జపాన్‌లోని ఓషికా ద్వీపకల్పం ఆనాడు 5 మీటర్లకు పైగా తూర్పుకు జరిగిందని చెప్పినది అదే. 2004 నాటి సునామీ అనంతరం 2007లో హైదరాబాదులో ఏర్పడిన హెచ్చరిక కేంద్రం, అండమాన్ నికోబార్ ద్వీపాలలో ఈ రెండు రకాల పరికరాలనూ నెలకొల్పింది. చీలిక అంచునే ఉన్న ఆ ద్వీపాలకు అల చేరడం నిమిషాల పని.

జపాన్ 2013 మార్చిలో మరొక మార్పు చేసింది. మహా భూకంపమని అనుమానం కలిగితే, తొలి హెచ్చరికలో అలల ఎత్తును మీటర్లలో చెప్పరు. అంకె ఉండవలసిన చోట ఒకే ఒక్క మాట ఉంటుంది. దానిని తెలుగులో 'బ్రహ్మాండం' అనవచ్చు.