శాలిహుండం: మెట్ట మీద స్తూపాలు, మ్యూజియంలో దేవతలు

శాలిహుండం శ్రీకాకుళం జిల్లా గార మండలంలో వంశధార దక్షిణపు ఒడ్డున ఉన్న పల్లె. జిల్లా కేంద్రానికి సుమారు 18 కిలోమీటర్ల దూరం. ఊరిని ఆనుకుని ఉన్న మెట్ట మీద పాతకాలపు బౌద్ధారామం శిథిలాలున్నాయి. తవ్వకాల్లో బయటపడిన శిల్పాలను దూరపు నగరాలకు తరలించకుండా క్షేత్రం దగ్గరే మ్యూజియంలో ఉంచడం చూడవచ్చినవారి అదృష్టం.

ఈ చోటును 1919లో గుర్తించినవారు గిడుగు వెంకట రామమూర్తి. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా, సవర భాషను నేర్చి నిఘంటువు కూర్చిన పండితుడిగా ఆయన అందరికీ తెలుసు. శాసనాలు చదివే విద్యను స్వయంగా అలవరచుకున్న సంగతి మాత్రం తక్కువమందికి తెలుసు. తరువాతి దశాబ్దాల్లో జరిగిన తవ్వకాల మీద ఆర్. సుబ్రహ్మణ్యం రాసిన నివేదిక 1964లో అచ్చయింది. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దం నుంచి క్రీస్తుశకం 12వ శతాబ్దం దాకా ఇక్కడ బౌద్ధం నిలిచిందని అంచనా.

అంత దీర్ఘచరిత్ర ఒకచోట కనిపించదు. మొదటి సగం మెట్ట మీద, చివరి సగం మ్యూజియంలో ఉంది. కాబట్టి ముందు మెట్ట ఎక్కడమే మంచిది. మెట్లదారి వెంబడి ఇటుక కట్టడాలు, చైత్యాలు (పూజామందిరాలు) ఎదురవుతాయి. శిఖరాన మహాస్తూపం ఉంది. స్తూపమంటే లోపలికి వెళ్లే గుడి కాదు, ధాతువులను నిక్షేపించి పైన గట్టిగా కట్టిన దిబ్బ. భక్తులు దాని చుట్టూ ప్రదక్షిణం చేసేవారు. ఇక్కడి స్తూపాల్లో ధాతుకరండాలు, అంటే అస్థికలు వగైరా ఉంచే భరిణెలు దొరికాయి. తొలినాళ్ల బౌద్ధంలో బుద్ధుడికి విగ్రహం లేదు, స్తూపానికే పూజ. ఈ సంగతి తెలియకుండా ఎక్కినవారికి వట్టి ఇటుకలే కనిపిస్తాయి, పైనుంచి వంశధార అందం ఒక్కటే గుర్తుంటుంది.

మెట్ట దిగి మ్యూజియంలోకి వెళితే లోకం మారిపోతుంది. అక్కడివి బౌద్ధం చివరి దశైన తాంత్రిక వజ్రయానం నాటి దేవతలు. వారిలో తార, మారీచి ముఖ్యులు. తార ఆపదలు దాటించే తల్లి. ఒక చేత వరదముద్ర (వరమిచ్చే భంగిమ), మరో చేత కలువ ఆమె సాధారణ లక్షణాలు. మారీచి పొద్దుటి కిరణాల దేవత. బౌద్ధ శిల్పశాస్త్రం ప్రకారం ఆమెకు తరచుగా మూడు ముఖాలుంటాయి, అందులో ఒకటి వరాహముఖం. రథాన్ని లాగేవి ఏడు పందులు. విల్లు, బాణాలతో పాటు సూది, దారం కూడా ఆమె చేతుల్లో కనిపిస్తాయి. దుష్టుల కళ్లు, నోళ్లు కుట్టేయడానికట! అరసవిల్లి ఆలయంలోని సూర్యుడి ఏడు గుర్రాలను ఎరిగిన శ్రీకాకుళంవారికి ఈ రథం కొత్తగా అనిపించదు.

అమరావతి శిల్పం చూసి వచ్చినవారు ఇక్కడ అలాంటిది వెతికితే నిరాశపడతారు. అక్కడ పాలరాయిలాంటి సున్నపురాతి ఫలకాల మీద బుద్ధుడి కథలు వరుసగా నడుస్తాయి. ఇక్కడ కథ లేదు, ధ్యానానికీ పూజకూ చెక్కిన ఒంటరి మూర్తులున్నాయి. వీటి చుట్టరికం కృష్ణా తీరంతో కన్నా ఒడిశాలోని రత్నగిరి, ఉదయగిరితో ఎక్కువ. ఇది కళింగసీమ కాబట్టి అందులో వింత లేదు. వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం ఇక్కడికి 5 కిలోమీటర్లే. పాత రేవుకు ఇంత దగ్గరగా ఉన్న ఆరామానికి ఓడల మీద వచ్చే వర్తకులు, యాత్రికుల రాకపోకలు ఉండి ఉంటాయన్న ఊహ సహజమే.

రైల్లో వచ్చేవారు ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగాలి. ఎండ ముదరకముందే మెట్ట ఎక్కి దిగితే, మ్యూజియం తీరికగా చూడవచ్చు. సొంత వాహనం ఉంటే అరసవిల్లితో పాటు, వంశధారకు ఎగువన ఉన్న శ్రీముఖలింగం మధుకేశ్వరాలయం కూడా అదే రోజు చూసి రావచ్చు.