బిడ్డల యెత్తు, పెద్దల జ్ఞాపకము

గ్రామపెద్దలారా,

పంట నూర్చిన వెనుక పుట్లెన్నియో కొలిచి చూచుకొనని రైతు మన యూళ్లలో లేడు. బిడ్డలను కొలువవలెనన్నచో మాత్రము మనకు సంకోచము కలుగును. తూచినచో దిష్టి తగులునని తల్లులు వెనుదీయుదురు. దిష్టి తీయుటకు ఉప్పును, మిరపకాయలును ప్రతి యింటను ఉన్నవి. తూచిన పిమ్మట తీసికొనవచ్చును. నాకందు తగవు లేదు. తూచుట మాత్రము మానరాదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే యనునది మన దేశమున 1992-93లో మొదలైనది. 2019-21లో జరిగిన అయిదవ సర్వేలో, అయిదేండ్లలోపు బిడ్డలలో వయసునకు తగిన యెత్తు లేనివారు ఆంధ్రప్రదేశమున నూటికి 31 మంది, తెలంగాణమున 33 మంది యని తేలినది. ఈ లెక్క కొన్ని యూళ్లను, వానిలో కొన్ని యిండ్లను ఎన్నుకొని తీసినది. అన్నముడికినదా యని మెతుకు పట్టి చూచినట్లు, జిల్లా స్థితి తెలియుట కది చాలును. మీ యూర ఏ యింటి బిడ్డకేమి కావలెనో అది చెప్పజాలదు. దానికి అంగన్‌వాడీలో పేరుపేరున తీయు కొలతలే యాధారము.

ఆ కొలతలలో మిక్కిలి మెలకువ వలసినది వయసునందే. 84 సెంటీమీటర్ల యెత్తుగల మగబిడ్డ నొకనిని తలపుడు. వానికి రెండేండ్లు నిండినవన్నచో భయము లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన ప్రమాణముల ప్రకారము ఆ యీడునకు కనీసముగా నెంచు 81 సెంటీమీటర్లను దాటియున్నాడు. మూడేండ్లు నిండినవన్నచో 85కు లోబడినందున, వాని యెదుగుదల తీవ్రముగా కుంటుపడినట్లు లెక్క. బిడ్డ యొకడే, కొలత యొకటే.

2021 నవంబరులో శ్రీకాకుళము జిల్లాలోని యొక యూర నే నిట్టిదే చూచితిని. తల్లి కూలికి పోయినది. కార్డు ఎప్పుడో పోయినది. పినతల్లి రెండేండ్లని చెప్పగా కార్యకర్త యట్లే వ్రాసికొనినది. అరుగుమీది నాయనమ్మ ఊరుకొనలేదు. “తిత్లీ తుఫానుకు కొబ్బరిచెట్లు కూలిన వారమే పుట్టినాడు, బాబూ!” అన్నది. ఆ తుఫాను పలాసయొద్ద తీరము దాటినది 2018 అక్టోబరు 11వ తేదీన. మూడేండ్లు దాటినవి! కార్యకర్త మొదటి వ్రాత కొట్టివేసి, బిడ్డను ఆరోగ్యకేంద్రమునకు చూపవలసినవారి పట్టికలో చేర్చినది.

తేదీ తెలియనిచోట సర్వేలవారును పండుగలు, వరదలు, ఎన్నికలు వరుసగా వ్రాసికొని వానినిబట్టియే వయసు నిర్ణయింతురు. ఆ జ్ఞాపకము మీయొద్ద నున్నది. బడిపట్టీలను మాత్రము నమ్మవలదు. వానిలో జూన్ 1వ తేదీన పుట్టినవా రెందరో కలరు. ఆ వింత యెట్లు కలిగినదో పంతుళ్లకెల్లరకు తెలియును.

రెండేండ్లలోపు బిడ్డను పరుండబెట్టి కొలువవలెను. ఇరువురు పట్టుకొననిదే ఆ కొలత నిలువదు. వయసెంతకును తేలనిచో, ఆరు మాసములు మొదలు అయిదేండ్ల లోపు బిడ్డకు ఎడమ చేతి దండ మధ్యమున పట్టీ చుట్టి చూతురు. 11.5 సెంటీమీటర్లకన్న తక్కువయైనచో బిడ్డ తీవ్రముగా చిక్కియున్నాడు. ఆలసింపక వైద్యునకు చూపవలెను. ఐతే ఈ పట్టీ చిక్కుటనే తెలుపును. ఎన్నాళ్లుగానో ఎదుగక నిలిచిన బిడ్డ దీనికి చిక్కడు.

కొలుచు దినమున మీలో ఒక్కరైనను అక్కడ కూర్చుండుడు. ఊరి చివరి పేటలోని బిడ్డలును, ఇటుక బట్టీల పనికై వచ్చినవారి బిడ్డలును పట్టికలో ఉన్నారో లేరో చూడుడు. పేరెక్కని బిడ్డకు గ్రుడ్డును అందదు, పాలును అందవు. గ్రామసభ కూడినపుడు, ఎందరిని కొలిచిరో, ఎందరు కొలతకు రాలేదో అడుగుడు. నేనైనచో ఆ రెండవ లెక్కనే ముందుగా అడుగుదును.