రోదసిలో బొబ్బర మొలక

2024వ సంవత్సరం డిసెంబరు 30వ తేదీ రాత్రి పది గంటలకు శ్రీహరికోట నుండి పి.ఎస్.ఎల్.వి. సి-60 అనే రాకెట్టు బయలుదేరినది. దాని ముఖ్య కార్యం వేరు. ఒక్కొక్కటి 220 కిలోల బరువు గల రెండు ఉపగ్రహాలను కక్ష్యలో విడిచి, తరువాత వాటిని ఒకదానితో ఒకటి జోడించడం. ఆ జోడింపు 2025 జనవరి 16న జరిగినది. దేశం దృష్టి అంతా సహజంగానే దాని మీద నిలిచినది. కాని ఉపగ్రహాలను విడిచిన తరువాత రాకెట్టు నాలుగవ అంచెను ఊరక పారవేయలేదు. దానిని 350 కిలోమీటర్ల ఎత్తుకు దించి చిన్న ప్రయోగశాలగా వాడుకొన్నారు. అందులో మూత బిగించిన ఒక పెట్టె, పెట్టెలో ఎనిమిది బొబ్బర గింజలు. నాలుగు రోజులకు అవి మొలకెత్తినవి. ఆ తరువాత ఆకులు విప్పినవి.

బొబ్బర్లనే కొన్ని చోట్ల అలసందలంటారు. తెలంగాణలో బబ్బెర్లు. చెల్క భూముల్లో జొన్నతోనో కందితోనో కలిపి సాళ్ళలో వేసుకొనే పైరు ఇది. జనగామ జిల్లా నర్మెట్ట వంటి ఊళ్ళలో, పేరులోనే మెట్ట ఉన్న చోట, ఈ గింజ గొప్పతనాన్ని ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. త్వరగా మొలుస్తుంది, తక్కువ నీటితో బ్రతుకుతుంది, నేలకు నత్రజని ఇచ్చిపోతుంది. మనిషి భూమిని విడిచి మరొక చోట కాపురం పెట్టగలడా అనే పెద్ద ప్రశ్నకు రాకెట్టు కన్న ఈ గింజే దగ్గరి చుట్టం. రాకెట్టు మనిషిని అక్కడికి చేర్చగలదని 1969లోనే, చంద్రునిపై మనిషి అడుగు పెట్టినప్పుడే, తేలిపోయినది. చేరిన తరువాత ఏమి త్రాగాలి, ఏమి పీల్చాలి, ఏమి తినాలి అన్నదే తేలవలసినది.

మొదట నీటి సంగతి. మెట్ట ప్రాంతాల వారికి నీటిని ఎత్తిపోయడం అంటే ఏమిటో తెలుసు. గోదావరి నీరు దేవాదుల పథకం క్రింద మెట్టు మెట్టుగా పంపులతో ఎక్కి జనగామ వైపు వస్తుంది. నర్మెట్ట మండలంలోని బొమ్మకూరు జలాశయం ఆ మార్గంలోనిదే. లెక్క సులువు కొరకు నిలువు ఎత్తు 400 మీటర్లు అనుకొందాం. నష్టాలేమీ లేవనుకొంటే ఒక యూనిట్ కరెంటుతో సుమారు 900 లీటర్ల నీటిని అంత ఎత్తుకు చేర్చవచ్చు. ఇప్పుడు మీటర్లకు బదులు కిలోమీటర్లు పెట్టి చూద్దాం. మనుషులు నివసించే అంతర్జాతీయ రోదసి కేంద్రం దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్నది. అక్కడికి నీటిని ఎత్తితే చాలదు. ఎత్తి వదిలితే క్రిందనే పడుతుంది. సెకనుకు 7.7 కిలోమీటర్ల వేగం కూడా దానికి ఇవ్వాలి. ఎత్తుకూ వేగానికీ కలిపి ఒక్క లీటరుకు 9 యూనిట్లు పైచిలుకు శక్తి కావాలి. అంటే ఎనిమిది వేల లీటర్ల గోదావరి నీటిని 400 మీటర్లు ఎత్తే శక్తితో అక్కడికి చేరేది ఒక్క లీటరు. ఇందులోనూ తొమ్మిదింట ఎనిమిది వంతులు వేగానికే ఖర్చు, ఎత్తుకు కాదు.

ఇది కూడా కాగితం మీది లెక్క. రాకెట్టు తన ఇంధనాన్ని తానే మోసుకొని పోవాలి. మోటారు తన కరెంటునంతా బస్తాలలో నింపుకొని కొండ ఎక్కినట్లన్నమాట. మన పెద్ద రాకెట్టు ఎల్.వి.ఎమ్.-3 బయలుదేరే సమయాన 640 టన్నులు ఉంటుంది. భూమికి దగ్గరి కక్ష్యలోకి అది చేర్చగలిగేది సుమారు 8 టన్నులు. ఒక కిలో చేర్చడానికి ఎనభై కిలోలు!

కనుక రోదసిలో నీటిని మోయడం కన్న, ఉన్న నీటిని మరల మరల వాడుకోవడమే మార్గం. రోదసి కేంద్రంలో ఒక మనిషికి త్రాగడానికి, వంటకు, శుభ్రతకు అన్నిటికీ కలిపి రోజుకు 4 లీటర్లకు లోపే లెక్క. ఏడుగురికి సంవత్సరానికి దాదాపు 10 టన్నులు. ఆ నీరు ఎక్కడికీ పోదు. ఊపిరిలోని తేమగా, చెమటగా, మూత్రంగా బయటికి వస్తుంది. దానినంతా పట్టి, శుద్ధిచేసి, త్రాగుతారు. పాఠకులు ముఖం చిట్లించుకోనక్కరలేదు. మన ఊరి చెరువు నీరూ ఎన్ని శరీరాల గుండా వచ్చి మేఘమైనదో ఎవరికి తెలుసు? 2023లో ఈ తిరిగిపట్టే ప్రమాణం నూటికి 98 వంతులకు చేరినదని నాసా ప్రకటించినది. పది టన్నులలో కొత్తగా పంపవలసినది 200 లీటర్లు మాత్రమే. తండ్రి హైదరాబాదు వాడైన రాజాచారి 2021 నవంబరు నుండి 2022 మే వరకు, 177 రోజులు, ఆ కేంద్రంలో ఇటువంటి నీటితోనే గడిపారు.

నీటి తరువాత గాలి, తిండి. మనిషికి రోజుకు కావలసిన ప్రాణవాయువు ఒక కిలోకు కొంచెం తక్కువ. ప్రస్తుతం రోదసి కేంద్రంలో నీటిని విద్యుత్తుతో విడగొట్టి దానిని తీస్తున్నారు. తిండి మాత్రం క్రింది నుండే వెళ్ళాలి. భూమి మీద ఈ రెండు పనులూ చెట్టే చేస్తుంది. మనం విడిచే బొగ్గుపులుసు వాయువును తీసుకొని, సూర్యకాంతి సాయంతో పిండిపదార్థం తయారుచేసి, ప్రాణవాయువును తిరిగి ఇస్తుంది. మంచి కాంతి పెట్టి పండిస్తే ఒక్క మనిషి తిండికి సుమారు 50 చదరపు మీటర్ల పైరు చాలునని శాస్త్రజ్ఞుల అంచనా. అది మన లెక్కలో అర గుంట. అర గుంటలో మనిషి కడుపు నిండడం ఏ రైతూ నమ్మని మాట. ఐతే ఆ కాంతి ఎండ కాదు, దీపాలది. అర గుంటకు అంత వెలుగు ఇవ్వడానికి బావుల మీది మోటార్లు కొన్ని ఒకేసారి తిరిగినంత కరెంటు కావాలి.

ఇక భారం తెలియని చోట గింజ ఎట్లా ప్రవర్తిస్తుంది? ఏ వాలున వేసినా వేరు క్రిందికి, కాండం పైకి పోవడం మనం ఎరిగినదే. వేరు కొనలోని కణాలలో సన్నని పిండి రేణువులు ఉంటాయి. అవి భూమ్యాకర్షణకు కణం అడుగున పేరుకొంటాయి. అటే క్రిందు అని వేరుకు తెలుస్తుంది. కక్ష్యలో ఆ రేణువులు పేరుకోవు. క్రిందు మీదులు లేని చోట వేరు నీటినీ కాండం కాంతినీ వెదకుకొంటూ పోవాలి. మొలకకు అది సాధ్యమేనని తెలిసినది. అసలు చిక్కు నీటితో వస్తుంది. పొలంలో పెట్టిన నీరు ఇంకుతుంది. దాని వెనుకనే గాలి వేరులోనికి దిగుతుంది. రోదసిలో నీరు ఇంకదు. ముద్దగా వేరును చుట్టుకొని పట్టుకొంటుంది. వాన ఎక్కువై చేను జాలువారితే పెసర పసుపెక్కి చచ్చిపోవడం చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది: వేరుకు ఊపిరి ఆడదు. గాలి కూడా అక్కడ వేడెక్కి పైకి లేవదు కనుక ఆకు తాను విడిచిన ప్రాణవాయువులోనే మునిగి ఉంటుంది. పంకా విసరుతూ ఉండాలి.

ఈ చిక్కులకు ఒక్కొక్కటిగా ఉపాయాలు దొరుకుతున్నాయి. 2021లో రోదసి కేంద్రంలో మిరప మొక్క నాటి 137 రోజులు పెంచి కాయలు కోశారు. అక్కడ రక్తమూ ఇతర ద్రవాలూ తల వైపు చేరి ముక్కు దిబ్బడ వేసినట్లై రుచులు మందగిస్తాయి. కారం కోసం నోరు ఉవ్విళ్ళూరుతుందట. ఇది మన వారికి శుభవార్తే. 2025 జూన్ 25న బయలుదేరిన శుభాంశు శుక్లా తన 18 రోజుల నివాసంలో ధార్వాడ నుండి వెళ్ళిన పెసలనూ మెంతులనూ మొలకెత్తించారు.

చంద్రునిపై మొలిచిన మొదటి మొక్క పత్తి అని చాలమందికి తెలియదు. 2019 జనవరిలో చైనా వారి చాంగ్-ఎ-4 నౌకలో, మూసిన డబ్బాలో, అది తల ఎత్తినది. కొద్ది రోజులలో చంద్రుని రాత్రి వచ్చినది. ఆ రాత్రి మన లెక్కకు పద్నాలుగు రోజులు. వెచ్చదనం ఇచ్చే కరెంటు లేక మొలక గడ్డకట్టి చనిపోయినది. చంద్రుని మట్టి సంగతి 2022లో అమెరికాలో పరీక్షించారు. అపోలో యాత్రికులు తెచ్చిన మట్టిలో ఆవజాతి మొక్క ఒకటి మొలిచినది గాని గిడసబారి, కష్టపడుతున్న మొక్క లక్షణాలు చూపినది. ఆ మట్టిలో సూక్ష్మజీవులు లేవు, కుళ్ళిన ఆకు లేదు, నత్రజని దాదాపు లేదు. వేరు బుడిపెలలో నత్రజనిని పట్టే సూక్ష్మజీవులతో కలిసి బ్రతికే బొబ్బర వంటి పప్పుజాతి మీద ఆశ పెట్టుకోవడానికి కారణం ఇదే.

ఆ మట్టికి ఒక మేలు గుణమూ ఉన్నది. 2023 ఆగస్టు 23న దిగిన చంద్రయాన్-3 నేలలోనికి ఉష్ణమాపకాన్ని గుచ్చి చూసినది. పై పొరకూ కేవలం 8 సెంటీమీటర్ల లోతుకూ మధ్య 60 డిగ్రీలకు పైగా తేడా! వేడి ఆ మట్టిలోనికి అంతగా దిగదన్నమాట. వెనుకటి కాలంలో మన పెద్దలు ధాన్యాన్ని పాతరలో దాచినట్లు, రేపు మనిషి తన ఇంటిని అక్కడి మట్టి క్రింద కప్పుకోవలసి ఉంటుంది. వేడి, చలితో పాటు రోదసి కిరణాల దెబ్బ నుండి కూడా మట్టే కాపు.

ఇంటిని కప్పి, నీటిని తిప్పి, పైరును పెట్టినంత మాత్రాన సంసారం సాగుతుందా? 1991లో అమెరికాలోని అరిజోనాలో మూడు ఎకరాల గాజు మేడలో ఎనిమిది మంది తలుపులు బిగించుకొని రెండేళ్ళు ఉన్నారు. లోపల అడవి, పొలం, చిన్న సముద్రం కూడా అమర్చుకొన్నారు. ఐనా ప్రాణవాయువు నూటికి 21 వంతుల నుండి 14.5కు పడిపోయినది. మనుషులు ఆయాసపడ్డారు. చివరకు బయటి నుండి వాయువును పంపవలసి వచ్చినది. కారణం వెదకగా, బాగా ఎరువు వేసిన మట్టిలోని సూక్ష్మజీవులు ప్రాణవాయువును మ్రింగి బొగ్గుపులుసు వాయువును విడిచినవి. ఆ వాయువైనా పైరుకు దక్కితే ప్రాణవాయువుగా తిరిగి వచ్చేది. దానిని కాంక్రీటు గోడలు పీల్చుకొన్నవి. వెల్ల వేసిన గోడ నాలుగు రోజులకు గట్టిపడడం ఈ చర్య వలననే; సున్నం గాలిలోని ఆ వాయువును పట్టి రాయిగా మారుతుంది. మేడ కట్టినవారు మనుషుల ఊపిరిని లెక్కించారు, గోడల ఊపిరిని లెక్కించలేదు. భూమి మీద ఇటువంటి పొరపాటును సముద్రమూ ఆకాశమూ సర్దుకొంటాయి. మూసిన డబ్బాలో సర్దేవారుండరు.

అందుచేత కుజగ్రహంపై త్వరలోనే లక్షల మంది పట్నాలు వెలుస్తాయనే మాటలను కొంత తగ్గించి వినడం మంచిది. అక్కడికి ప్రయాణమే ఆరు నుండి తొమ్మిది నెలలు. తిరిగి రావడానికి అనువైన సమయం కొరకు కాచుకోవాలి. మొత్తం దాదాపు మూడేళ్ళ పని. అటువంటి చోట ముందు ఏర్పడేది పట్నం కాదు, అంటార్కిటికాలో మన మైత్రి, భారతి కేంద్రాల వంటి చిన్న శిబిరం. ఆ రెండింటిలో మన శాస్త్రజ్ఞులు ఏడాది పొడుగునా ఉంటున్నారు గాని బియ్యం, నూనె ఓడలోనే వెళ్ళుతున్నాయి. గాలి ఉచితంగా దొరికే అంటార్కిటికాలోనే ఇంతవరకు ఎవరూ తమ తిండి తాము పండించుకొని స్థిరపడలేదు. మన దేశం 2035 నాటికి సొంత రోదసి కేంద్రాన్ని, 2040 నాటికి చంద్రునిపై భారతీయుని నిలపడాన్ని లక్ష్యాలుగా ప్రకటించినది. వాటి కొరకు రాకెట్లు తయారుచేసే ఇంజనీర్లు ఎంత అవసరమో, మెట్టపైరు సంగతి తెలిసిన వ్యవసాయ శాస్త్రజ్ఞులూ అంతే అవసరం.

బొబ్బర గింజలను మోసిన ఆ రాకెట్టు అంచె 2025 ఏప్రిల్ 4న వాతావరణంలో ప్రవేశించి హిందూ మహాసముద్రం పైన నశించినది. వాటికి దక్కినది కొద్ది రోజుల పెంపకమే. మొలక గింజలోని నిలువ తిండితోనే లేస్తుంది. ఆకు తన తిండి తాను చేసుకోవడం ఆ తరువాత మొదలవుతుంది. బొబ్బర పూత పూసి, కాయ పట్టి, గింజ ఎండడానికి రెండు మూడు నెలలు కావాలి. అన్ని రోజులూ నీరు, వెలుగు, వెచ్చదనం తప్పకుండా అందాలి. పూవు తన పుప్పొడితో తానే ఫలిస్తుంది కనుక తేనెటీగల అవసరం లేదు. అక్కడ పండిన ఆ గింజను మరల అక్కడే నాటి చూడవలసి ఉన్నది.