ఏడు సెకన్లలో పద్నాలుగు వేల రెట్లు

మే నెలలో రాత్రి పదకొండు గంటల వేళ, ఖరగ్‌పూర్ ప్రేమ్ బజార్‌లో ఏ మేడ మీదినుంచైనా దక్షిణం వైపు చూస్తే దిగంతానికి ఏడు డిగ్రీల ఎత్తున ఒక ప్రకాశవంతమైన చుక్క కనిపించాలి. ఉక్కపోత మసక కమ్మితే కనిపించదు. అది ఆల్ఫా సెంటారీ. రైల్వే కొలువుల కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఖరగ్‌పూర్ చేరిన మన తెలుగు కుటుంబాలు సొంతూరికి వెళ్లినప్పుడు చూస్తే, అది ఇంకాస్త పైకి వచ్చి ఉంటుంది. దాని దగ్గర్లోనే కంటికి ఆనని ఎర్ర మరుగుజ్జు తార ప్రాక్సిమా సెంటారీ ఉంది. దూరం 4.24 కాంతి సంవత్సరాలు. సూర్యుణ్ని పక్కనపెడితే మనకు అన్నిటికన్నా దగ్గరి నక్షత్రం అదే.

2019 మే 1న హబుల్ టెలిస్కోపు చూస్తుండగానే ప్రాక్సిమా అతినీలలోహిత కాంతి ఏడు సెకన్లలో 14,000 రెట్లు పెరిగింది. మామూలు వెలుగులో వచ్చిన తేడా మాత్రం అత్యల్పం. అంటే కంటికి ప్రశాంతంగా తోచే తార, కంటికి కనిపించని కాంతిలో భగ్గుమంటోంది.

ఎందుకిలా? ప్రాక్సిమా ద్రవ్యరాశి సూర్యుడిలో ఎనిమిదో వంతు. ఇంత చిన్న తారల్లో కేంద్రం నుంచి పైపొర దాకా పదార్థమంతా మరుగుతూ, పైకీ కిందికీ తిరుగుతూనే ఉంటుంది. ఆ కదలికలోంచి బలమైన అయస్కాంత క్షేత్రం పుడుతుంది. దాని రేఖలు మెలికలు తిరిగి తిరిగి, పురి మీద పురి ఎక్కించిన నులకతాడులా ఒకచోట పుటుక్కున తెగి, కొత్తగా అతుక్కుంటాయి. అప్పుడు విడుదలైన శక్తితో ఎలక్ట్రాన్లు కిందికి దూసుకొచ్చి తార పైపొరలను వేడెక్కిస్తాయి. ఇదే జ్వాల. ఆ తార మామూలు వేడి 3,000 డిగ్రీల చిల్లర. జ్వాల చెలరేగినచోట 9,000 డిగ్రీలు ఉంటుందన్నది చాలాకాలంగా శాస్త్రవేత్తలు వాడిన లెక్క. ఆ లెక్క చాలదని 2024లో తేలింది. గెలెక్స్ ఉపగ్రహం 2003 నుంచి 2013 దాకా సేకరించిన సమాచారంలో 3 లక్షల దగ్గరి తారలను వెతికితే, జ్వాలల దూర అతినీలలోహిత కాంతి ఊహించినదానికి సగటున మూడు రెట్లు, కొన్నిచోట్ల పన్నెండు రెట్ల దాకా ఉంది.

నన్ను కలవరపెట్టేది ఈ సవరణే. మన పాలపుంత తారల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు ఎర్ర మరుగుజ్జులే. 2016లో కనుగొన్న ప్రాక్సిమా బి గ్రహం తన తారకు దాదాపు 75 లక్షల కిలోమీటర్ల దూరంలోనే తిరుగుతోంది. అక్కడ ఏడాదంటే 11.2 రోజులు. తార మసక కాబట్టి, నీరు ద్రవంగా నిలవగల వెచ్చదనం కావాలంటే గ్రహం అంత దగ్గరగా ఉండాల్సిందే. అంత దగ్గరగా ఉంటే జ్వాలల దెబ్బా తప్పదు: వాతావరణం కొట్టుకుపోవచ్చు, ఓజోను ఉన్నా చితికిపోవచ్చు. ఇంకోవైపు, జీవానికి తొలి ఇటుకలైన అణువులు కూడడానికి కొంత అతినీలలోహిత కాంతి అవసరమని రసాయన శాస్త్రం అంటోంది. కాబట్టి ఎంత కాంతి, ఎన్నాళ్లకోసారి అన్నది కొలిచి తీరాలి. వెచ్చదనం ఒక్కటే చూసి ఏ గ్రహాన్నైనా ‘నివాసయోగ్యం’ అనేయడం తొందరపాటు అని నా అభిప్రాయం.

ఆ కొలత నేల మీదినుంచి సాధ్యం కాదు. మనల్ని కాపాడే వాతావరణమే ఆ కిరణాలను అడ్డుకుంటుంది. అందుకే 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ30 రాకెట్ ఆస్ట్రోశాట్ ఉపగ్రహాన్ని 650 కిలోమీటర్ల ఎత్తుకు చేర్చడం మన తెలుగు నేలకు గర్వకారణం. అందులోని అతినీలలోహిత పరికరం యూవిట్‌లో రెండు 38 సెంటీమీటర్ల టెలిస్కోపులున్నాయి. 2017లో ఆస్ట్రోశాట్, ఎక్స్ కిరణాలను చూసే చంద్ర టెలిస్కోపు, హబుల్ మూడూ కలిసి ప్రాక్సిమాను గమనించాయి. అప్పటి ఎక్స్ కిరణాల సమాచారంతో తార ఉద్ధృతి తీరును విశ్లేషించిన పత్రం 2020లో వెలువడింది.

యూవిట్‌లో సమీప అతినీలలోహిత విభాగం 2018లో ఆగిపోయింది. హబుల్ కూడా 1990లో ఎగిరిన పాతదే. యూవిట్ వారసత్వం అందుకోవడానికి బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ ఇన్‌సిస్ట్ అనే అతినీలలోహిత టెలిస్కోపును ప్రతిపాదించింది. ఒకే తారను నెలల తరబడి కాపు కాయాలంటే అలాంటిది మనకు త్వరగా కావాలి. ప్రేమ్ బజార్ గేటు దాటి ఐఐటీలోకి అడుగుపెట్టే మన పిల్లల్లో కొందరైనా దాన్ని తయారుచేసేవాళ్లలో ఉండాలని నా కోరిక.