ఆ బస్తీకి ఎస్కలేటరే వీధి!

ఎస్కలేటరంటే మనకు షాపింగ్‌మాలే గుర్తొస్తుంది. కొలంబియాలోని మెడెలిన్‌ నగరంలో మాత్రం అది పేదల బస్తీకి దారి. అక్కడి కమ్యూనా 13లో కొండవాలు మీద ఇళ్లు ఒకదానిపై ఒకటి పేర్చినట్టుంటాయి. ఆ ఇరుకు సందుల్లోకి బస్సు రాదు. బియ్యం బస్తా అయినా జబ్బుచేసిన పెద్దవాళ్లయినా... మెట్ల మీదుగా మోసుకెళ్లాల్సిందే. 28 అంతస్తుల భవనం ఎక్కినంత పని మరి! అందుకే నగరపాలక సంస్థ 2011లో ఆరుబయటే ఆరు భాగాలుగా 384 మీటర్ల ఎస్కలేటర్లు పెట్టించింది. అరగంటకు పైగా పట్టే ప్రయాణం ఆరు నిమిషాలకు తగ్గింది. టికెట్‌ కూడా లేదు. వానకు తడవకుండా పైన నారింజరంగు కప్పు వేశారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఎక్కడమే కాదు, దిగడమూ కష్టమేగా... అందుకని పక్కపక్కనే రెండు వరుసలు. ఒకటి పైకి, ఇంకోటి కిందికి!